గృహ క్రయవిక్రయములు: పెద్దల సాక్ష్యము, న్యాయసహాయము



పూర్వము మన గ్రామములందు ఇల్లు అమ్ముట అరుదు. తాత కట్టిన యింటిలో మనుమడు కాపురముండుట సామాన్యమైన విషయము. నేటి స్థితి వేఱు. పిల్లలు చదువుల కొఱకును, ఉద్యోగముల కొఱకును హైదరాబాదునకో, బెంగుళూరునకో, సముద్రములకు ఆవలి దేశములకో తరలిపోవుచున్నారు. వెనుక నిలిచిన యిల్లు అమ్మకమునకు వచ్చుచున్నది. దానిని కొనువాడు ఇరువది ముప్పది సంవత్సరముల కష్టార్జితమును ఒక్కనాడు ఎదుటివాని చేతిలో పెట్టుచున్నాడు. అమ్మువాడు తన పెద్దలు విడిచిపోయిన నీడను వదలుకొనుచున్నాడు. ఆ దినమున ఆ యిరువురి నడుమ కూర్చుండి బేరము కుదుర్చువారు, బయానా యిప్పించువారు, కాగితము మీద సాక్షి సంతకము చేయువారు మీవంటి పెద్దలే. కావున నేటి నా ప్రసంగము కొనువారికంటెను, అమ్మువారికంటెను, ముఖ్యముగా మీకే చెందినది.

నేను వకీలును కాను. బడిలో పాఠములు చెప్పి, గురువులయొద్ద కొంత ధర్మశాస్త్రము చదివినవాడను. నేను చెప్పబోవునది వకీలు సలహాకు బదులు కాదు. ఆ సలహాను ఎప్పుడు పొందవలెను, ఎందులకు పొందవలెను, డబ్బు లేనివారు ఎట్లు పొందవచ్చును అను మూడు సంగతులు మాత్రము విన్నవింతును.

మొదట మన ప్రాచీనుల మాట వినుడు. కల్యాణి చాళుక్యరాజైన ఆఱవ విక్రమాదిత్యుని కాలమున విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర యను వ్యాఖ్యను రచించెను. పదుమూడవ శతాబ్దమున మన కేతన దాని నాధారముగా గొని విజ్ఞానేశ్వరీయమును తెలుగున వెలయించెను. భూమి ఒకరినుండి యొకరికి సంక్రమించుటకు ఆఱు సంగతులు కావలయునని మితాక్షరలో ఉదాహరింపబడిన స్మృతి చెప్పుచున్నది. గ్రామస్థుల సమ్మతి, జ్ఞాతుల సమ్మతి, పొరుగువారి సమ్మతి, దాయాదుల సమ్మతి, బంగారము, నీటిధార అనునవి ఆ యాఱు. వీని ప్రయోజనములను వ్యాఖ్యాత చక్కగా విప్పి చెప్పినాడు. గ్రామస్థులకు తెలియజేయుట వ్యవహారము నలుగురి యెదుట వెల్లడి యగుటకు. పొరుగువారి సమ్మతి హద్దుల తగవు పుట్టకుండుటకు. జ్ఞాతుల, దాయాదుల సమ్మతి వారు విభక్తులా, అవిభక్తులా యను సందేహము తీరుటకు. బంగారమును నీటిధారయు ఇచ్చుటను ఒక కర్మగా స్థిరపఱచుటకు.

ఇంతకాలము గడచినను ఇల్లు కొనువాడు అడుగవలసిన ప్రశ్నలు ఇవియే. ఈ వ్యవహారము నలుగురికి వెల్లడియైనదా? హద్దులు సరియైనవా? భాగస్థులందఱు ఒప్పుకొనిరా? సొమ్ము సక్రమముగా చేతులు మాఱినదా? కాలము మాఱినందున ఒక్కొక్క ప్రశ్నకు సమాధానము దొరకు చోటు మాత్రము మాఱినది. ఆ చోటులను తెలిసినవాడే వకీలు.

నేటి చట్టమును చూతము. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము 54వ నిబంధన ప్రకారము నూఱు రూపాయలు గాని అంతకు మించి గాని విలువగల స్థిరాస్తి రిజిస్టరైన దస్తావేజు మూలముననే విక్రయింపబడవలెను. నూఱు రూపాయల యిల్లు నేడెక్కడను లేదు. అనగా ప్రతి యింటి అమ్మకమునకును రిజిస్ట్రేషను తప్పదు. తెల్లకాగితము మీద వ్రాసికొని, పది మంది సంతకములు పెట్టి, తాళపుచెవులు ఇచ్చినంత మాత్రమున ఇల్లు అమ్ముడుపోయినట్లు కాదు. అదే నిబంధన మఱియొక మాటయు చెప్పుచున్నది. అమ్మెదనని వ్రాసికొన్న ఒప్పందము, అనగా మనము క్రయ అగ్రిమెంటు అనునది, తనంతట తాను ఆ యింటిమీద కొనువానికి ఎట్టి హక్కును కలిగింపదు. పిమ్మట దస్తావేజు వ్రాయించుకొనుటకు కోర్టుకు పోవు అవకాశమును మాత్రము కలిగించును. ఆ దావాకును కాలపరిమితి కలదు. ఒప్పందమున తేదీ నిర్ణయించియుండినచో ఆ తేదీ మొదలుకొని మూడు సంవత్సరములు. తేదీ లేనిచో, అమ్మువాడు నిరాకరించినట్లు తెలిసిన నాటినుండి మూడు సంవత్సరములు.

అట్లే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ వ్రాయించుకొని, దానినే అమ్మకముగా భావించి ఇండ్లు కొన్నవారు కలరు. అట్టి కాగితములు యాజమాన్యమును బదిలీ చేయజాలవని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ వ్యాజ్యమున స్పష్టముగా తీర్పు చెప్పినది.

ఇక ముఖ్యవిషయమునకు వచ్చుచున్నాను. మన జనులలో ఒక నమ్మకము బలముగా నాటుకొని యున్నది. రిజిస్ట్రారు ముద్ర పడినచో ఇల్లు మనదైనట్లే, సర్కారు ఒప్పుకొన్నట్లే యని. ఇది సరికాదు. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము ప్రకారము సబురిజిస్ట్రారు విచారించునది ఏమి? ఈ దస్తావేజును వ్రాసియిచ్చినట్లు చెప్పబడు మనుష్యుడు ఇతడేనా? ఇతడు సంతకము చేసినట్లు ఒప్పుకొనుచున్నాడా? అందులకే 2001 సవరణ మొదలుకొని ఛాయాచిత్రములు, వ్రేలిముద్రలు తీసికొనుచున్నారు. ఇంతవఱకే. ఆ మనుష్యునకు ఆ యింటిమీద నిజముగా హక్కు కలదా, లేదా యను విచారణ సబురిజిస్ట్రారు పని కాదు. 2025 ఏప్రిల్ మాసమున సుప్రీంకోర్టు తమిళనాడు రిజిస్ట్రేషను నియమమొకదానిని కొట్టివేయుచు ఈ సంగతినే తిరిగి చెప్పినది. మన దేశమున రిజిస్టరగునది దస్తావేజు; హక్కు కాదు. రామయ్య అమ్మెనని ఆ ముద్ర చెప్పును. రామయ్యకు అమ్ముటకు అధికారము కలదని చెప్పదు.

ఈ భేదము వలన ఎంత నష్టము కలుగునో ఒక ఉదాహరణముతో చూపెదను. రామయ్య యనువాడు తన తండ్రి స్వార్జితముతో కట్టిన యింటిని సోమయ్యకు ఇరువది లక్షల రూపాయలకు అమ్మెననుకొందము. తండ్రి వీలునామా వ్రాయక మరణించెను. తల్లి యున్నది. రామయ్యకు ఒక తమ్ముడు, ఒక చెల్లెలు కలరు. పంచాయతీ పన్ను రసీదు రామయ్య పేర నున్నది. పెద్దలందఱు రామయ్య నెఱుగుదురు. సోమయ్య నమ్మి పూర్తి సొమ్ము చెల్లించెను. దస్తావేజు రిజిస్టరైనది. ఇప్పుడు సోమయ్యకు లభించినదేమి?

1956 నాటి హిందూ వారసత్వ చట్టము ప్రకారము ఆ తండ్రి ఆస్తి భార్యకును, ఇరువురు కుమారులకును, కుమార్తెకును సమభాగములుగా చెందినది. అనగా రామయ్యకు కలది నాలుగవ వంతు. అతడు అమ్మగలిగినదియు నాలుగవ వంతే. ఆ నాలుగవ వంతు కొన్న సోమయ్య గృహప్రవేశము చేయవచ్చునా? చేయరాదు. అవిభక్త కుటుంబము నివసించు ఇంటిలో పరాయివాడు ఒకరి భాగమును కొన్నచో, కుటుంబీకులతో కలసి ఆ యింటి స్వాధీనమును పొందు హక్కు అతనికి లేదని ఆస్తి బదిలీ చట్టము 44వ నిబంధన చెప్పుచున్నది. అతడు పంపకమునకు దావా వేయవలెను. వేసినచో, 1893 నాటి విభాగ చట్టము 4వ నిబంధన ప్రకారము కుటుంబీకులు ఆ భాగమును కోర్టు నిర్ణయించిన వెలకు తామే కొందుమని కోరవచ్చును. తుదకు సోమయ్యకు ఇల్లు లేదు; సొమ్ము కొఱకు రామయ్య వెంట తిరుగవలసి వచ్చినది. అమ్మినవాడు తనకు హక్కు కలదని హామీ యిచ్చినట్లే చట్టము భావించును గనుక నష్టపరిహారము అడుగవచ్చును. కాని రామయ్య ఆ సొమ్మును ఖర్చు చేసి చేతులు ముడుచుకొని కూర్చున్నచో, చేతికి వచ్చిన డిక్రీ కాగితముగానే మిగులును.

ఈ యాపద యంతయు ఎక్కడ ఆరంభమైనది? బయానా యిచ్చిన నాడు. బయానా యిచ్చుటకు ముందు ఒక వకీలు ఆ కాగితములను చదివియుండినచో, తల్లి, తమ్ముడు, చెల్లెలు ఎవరని మొదటి ప్రశ్నగా అడిగియుండును. తగవు పుట్టిన తరువాత వకీలు యింటికి పోవుట మన అలవాటు. తగవు పుట్టకముందే పోవలెను. రోగము ముదిరిన పిమ్మట వైద్యుని పిలుచుటకును, పథ్యము ముందుగా నడుగుటకును గల భేదమే ఇది.

ఇప్పుడు వకీలు ఏమేమి చూచునో క్రమముగా చెప్పెదను. పెద్దలు ఆ ప్రశ్నలను తామును అడుగ నేర్చిన మేలు.

మొదటిది, హక్కు వచ్చిన దారి. అమ్మువానికి ఆ యిల్లు ఎట్లు వచ్చినది? కొనెనా, పంచుకొనెనా, దానముగా పొందెనా, వీలునామావలన వచ్చెనా? దానికి ముందున్న యజమానికి ఎట్లు వచ్చినది? ఇట్లు వెనుకకు పోవుచు ఒక్కొక్క దస్తావేజును చూడవలెను. వీనినే లింకు దస్తావేజులందురు. సాధారణముగా ముప్పది సంవత్సరముల వఱకు వెనుకకు చూచుట వకీళ్ల ఆచారము. దీనికొక కారణము కలదు. తాకట్టుపెట్టిన ఆస్తిని విడిపించుకొనుటకు 1963 నాటి కాలపరిమితి చట్టము ముప్పది సంవత్సరముల గడువు ఇచ్చుచున్నది. నకళ్లు చాలవు, అసలు దస్తావేజులు చూడవలెను. అసలు పోయినదని అమ్మువాడు చెప్పినచో, అది నిజముగా పోయినదో, ఏ బ్యాంకు పెట్టెలోనైనా భద్రముగా నున్నదో విచారింపవలెను.

రెండవది, భాగస్థులు. మితాక్షర చెప్పిన దాయాదుల సమ్మతి యిదియే. కాని ఒక గొప్ప మార్పు వచ్చినది. నాటి సమష్టి కుటుంబమున జన్మతో హక్కు పొందినవారు మగపిల్లలు. 2005 సెప్టెంబరు 9వ తేదీన అమలులోనికి వచ్చిన సవరణ ప్రకారము కుమార్తెయు కుమారునివలెనే జన్మతో పిత్రార్జితమున భాగస్థురాలు. ఆనాటికి తండ్రి జీవించియుండనక్కఱలేదని సుప్రీంకోర్టు 2020లో వినీతా శర్మ వ్యాజ్యమున తేల్చినది. 2004 డిసెంబరు 20వ తేదీకి ముందే సక్రమముగా జరిగిపోయిన పంపకములను, అమ్మకములను మాత్రము ఈ సవరణ కదలింపదు. "ఆడపిల్లకు కట్నమిచ్చి పంపితిమి, ఆమెకు ఇంకేమి కలదు" అను మాట పెద్దల నోట నేటికిని వినబడుచున్నది. కట్నము 1961 నుండియు చట్టవిరుద్ధము. చట్టవిరుద్ధముగా ఇచ్చిన దానిని చూపి చట్టసమ్మతమైన భాగమును లేదనుట ఎట్టి న్యాయము? ఆడపడుచు సంతకము లేని దస్తావేజు కొనువానికి భయహేతువు. ఆమెకు తెలియజెప్పి, ఆమె భాగమో, ఆ భాగపు విలువయో ఆమెకు ముట్టజెప్పి, సంతకము పొందుట అందఱికిని క్షేమము. మహమ్మదీయులకును, క్రైస్తవులకును వారసత్వ ధర్మములు వేఱు. వారి విషయమున ఆ ధర్మము తెలిసిన వకీలునే అడుగవలెను.

కుటుంబ యజమాని కుటుంబావసరమునకై సమష్టి ఆస్తిని అమ్మవచ్చునను నియమము హిందువులలో కలదు. కాని ఆ యవసరము నిజముగా నుండెనని కోర్టులో రుజువు చేయవలసిన భారము కొన్నవానిమీద పడును. మఱియు మైనరు బాలుని స్వంత ఆస్తిని తండ్రియైనను తల్లియైనను కోర్టు అనుమతి లేక అమ్మరాదని 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షక చట్టము చెప్పుచున్నది. అట్లమ్మినచో ఆ బాలుడు పెద్దవాడైన మూడు సంవత్సరములలోగా ఆ అమ్మకమును రద్దుచేయింపవచ్చును.

మూడవది, ఋణభారము. రిజిస్ట్రేషను కార్యాలయమునుండి ఈసీ, అనగా ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టు, తీసికొనవలెనని నేడు చాలమందికి తెలియును. మంచిదే. అయితే దాని హద్దు తెలిసియుండవలెను. రిజిస్టరైన వ్యవహారములే అందు కనబడును. రిజిస్టరు కాని వీలునామా కనబడదు. వీలునామాకు రిజిస్ట్రేషను తప్పనిసరి కానే కాదు. దాయాదుల భాగములు కనబడవు. కోర్టులో నడచుచున్న దావా కనబడకపోవచ్చును; దావా నడుచుచుండగా కొన్నవానిని ఆ తీర్పు బంధించునని 52వ నిబంధన చెప్పుచున్నది. దస్తావేజులను బ్యాంకులో ఉంచి మాటమీద చేసిన తాకట్టు కనబడకపోవచ్చును. బ్యాంకుల తాకట్టులను నమోదు చేయుటకు 2011 నుండి సెర్సాయి అను కేంద్ర రిజిస్ట్రీ పనిచేయుచున్నది. వకీలు దానిని కూడ వెదకించును. ఈసీలో ఏమియు లేదనుటకును, ఇంటిమీద ఏమియు లేదనుటకును చాల దూరము కలదు.

నాలుగవది, నేల స్వభావము. ఇల్లు ఏ నేలమీద నున్నది? మన పల్లెలలో చాల యిండ్లు గ్రామకంఠములో నుండును. తరతరముల అనుభవమే తప్ప దస్తావేజు లుండవు. పంచాయతీ యింటిపన్ను రసీదు పన్ను కట్టినందులకు నిదర్శనమే గాని హక్కునకు మూలము కాదు. కరెంటు బిల్లు సంగతియు నంతే. 2020లో కేంద్రప్రభుత్వ మారంభించిన స్వామిత్వ పథకము క్రింద కొన్ని గ్రామములలో డ్రోనులతో కొలిచి ఆస్తి కార్డులు ఇచ్చిరి. మీ గ్రామమున ఆ కొలత జరిగినచో ఆ పత్రమును చూడుడు. జరుగనిచోట అనుభవమును ఏ యే సాక్ష్యములతో స్థిరపఱుపవలెనో వకీలు చెప్పును. ప్రభుత్వము పేదల కిచ్చిన అసైన్డు భూముల అమ్మకమును 1977 నాటి చట్టము నిషేధించినది. తరువాత కొన్ని సడలింపులు వచ్చినవి. అవి ఆంధ్రప్రదేశమునకు, తెలంగాణమునకు ఒక్క తీరుగా లేవు. కావున పట్టా కాగితము చూపినంతనే నమ్మక, ఆ స్థలము అమ్మదగినదా యని అడుగవలెను. రిజిస్ట్రేషను చట్టము 22ఎ నిబంధన క్రింద నిషేధిత ఆస్తుల జాబితా యొకటి కలదు. ప్రభుత్వ భూములు, దేవాలయముల భూములు, వక్ఫు భూములు అందుండును. సర్వే నంబరుతో ఆ జాబితాను చూచుట బయానాకు ముందు చేయవలసిన పని.

హద్దుల సంగతి మితాక్షరలోని పొరుగువారి సమ్మతియే. దస్తావేజులో తూర్పు, దక్షిణము, పడమర, ఉత్తరము అని వ్రాసిన హద్దులను నేలమీద గొలుసు పెట్టి కొలిపింపుడు. పొరుగువారిని పిలిచి, "అయ్యా! ఈ గోడ ఎవరిది? ఈ నడవ ఉమ్మడిదా?" అని అడుగుడు. ఒక గంట పని. ఆ గంటను ఆదా చేసినచో పదేండ్లు కోర్టు మెట్లు ఎక్కవలసి రావచ్చును.

అయిదవది, సొమ్ము. స్థిరాస్తి అమ్మకమునందు ఇరువది వేల రూపాయలు గాని అంతకు మించి గాని నగదుగా పుచ్చుకొనరాదని ఆదాయపు పన్ను చట్టము చెప్పుచున్నది. పుచ్చుకొన్నవానికి అంతే మొత్తము జరిమానాగా పడవచ్చును. బ్యాంకు ద్వారా చెల్లించిన సొమ్ము తనకు తానే సాక్షి. దస్తావేజులో తక్కువ వెల వ్రాయించి స్టాంపు ఖర్చు మిగుల్చుకొనవలెనను ఆశయు ప్రమాదకరమే. రేపు హక్కు చెడినచో, వ్రాసిన వెలకు కాగితము సాక్ష్యమిచ్చును. వ్రాయని సొమ్మునకు ఎవరు సాక్ష్యమిత్తురు?

అమ్మువారికిని రెండు మాటలు. ఇంటియందును, హక్కునందును ఉన్న లోపము మీకు తెలిసి, కొనువానికి సులభముగా తెలియరానిదైనచో, దానిని చెప్పవలసిన బాధ్యత మీది. దాచుట మోసమగునని 55వ నిబంధన చెప్పుచున్నది. నాటివఱకు ఉన్న పన్ను బకాయిలును మీవే. పూర్తి సొమ్ము ముట్టక "ముట్టినది" అని సంతకము చేయకుడు. వెల బాకీ యున్నచో దానికి ఆ యింటిమీద మీకు హక్కు కలదు. కాని ముట్టినట్లు మీరే వ్రాసియిచ్చిన పిమ్మట ఆ హక్కును నిలుపుకొనుట కష్టము. వృద్ధులైన తల్లిదండ్రులు సంతకము చేయునప్పుడు దస్తావేజును మొదటినుండి తుదివఱకు బిగ్గఱగా చదివించి విని పిమ్మటనే చేయవలెను.

ఇక ఎవరి సహాయము పొందవలెను? రిజిస్ట్రేషను కార్యాలయము ముందర కూర్చుండు దస్తావేజు లేఖరులు అనుభవజ్ఞులు. దస్తావేజును నియమప్రకారము వ్రాయుట వారి విద్య. కాని మీరు చెప్పినది వారు వ్రాయుదురు. మీరు చెప్పనిది వెదకుట వారి పని కాదు. వెదకువాడు వకీలు. అమ్మువాని వకీలే మనకును చాలునని తలపరాదు. కొనువాడు తన పక్షమున వేఱొకరిని నియమించుకొనవలెను. ఫీజు ఎంతయో ముందే అడిగి, కాగితములన్నిటిని ఇచ్చి, అభిప్రాయమును వ్రాతమూలముగ పుచ్చుకొనవలెను. బ్యాంకు అప్పుతో కొనువారు బ్యాంకు వకీలు చూచినాడు గదా యని నిశ్చింతగా నుందురు. అతడు చూచినది బ్యాంకు కొఱకు. మీ కొఱకు కాదు.

ఫీజు ఇచ్చుకొనలేనివారి మాటేమి? 1987లో చేసి 1995 నవంబరు 9వ తేదీనుండి అమలుచేసిన న్యాయసేవాధికార చట్టము వారి కొఱకే కలదు. స్త్రీలకును, పిల్లలకును, షెడ్యూల్డు కులములవారికిని, తెగలవారికిని, వికలాంగులకును, పారిశ్రామిక కార్మికులకును ఆదాయముతో నిమిత్తము లేక ఉచిత న్యాయసేవ లభించును. తక్కినవారికి రాష్ట్రము నిర్ణయించిన ఆదాయ పరిమితిలో లభించును. చాలమంది యెఱుగని సంగతి యొకటి కలదు. ఆ చట్టము చెప్పిన న్యాయసేవ కోర్టు వ్యాజ్యములకు మాత్రమే కాదు. ఏ న్యాయవిషయమునందైనను సలహా యిచ్చుటయు అందు చేరినది. అనగా ఇల్లు కొనబోవు పేదవితంతువు బయానా యిచ్చుటకు ముందే పోయి, ఈ కాగితములు సరియైనవేనా యని అడుగవచ్చును. మండల న్యాయసేవా సంఘము గాని, జిల్లా న్యాయసేవాధికార సంస్థ గాని కోర్టు ఆవరణమున నుండును. 15100 అను నంబరునకు ఫోను చేసిన దారి చెప్పుదురు. తగవు పుట్టియున్నచో లోక్ అదాలతును ఆశ్రయింపవచ్చును. అక్కడ రాజీ కుదిరినచో దానికి డిక్రీ బలము కలదు. కోర్టులో నున్న దావాకు కట్టిన రుసుము తిరిగి వచ్చును. దానిపై అప్పీలు లేదు.

తుదకు పెద్దల సంతకము గుఱించి చెప్పి ముగింతును. చట్టము దృష్టిలో సాక్షి సంతకమునకు అర్థము స్వల్పమైనది. ఇతడు నా యెదుట వ్రాలు చేసినాడు అనుట మాత్రమే. అందలి విషయము నిజమని సాక్షి హామీ పడినట్లు చట్టము భావింపదు. కాని గ్రామమున అట్లు కాదు. "పెద్దయ్యగారు సంతకము చేసినారు, ఇంక భయమేమి" యని సోమయ్యవంటివాడు సొమ్ము ఇచ్చుచున్నాడు. అతడు నమ్మినది కాగితమును కాదు, మిమ్ము. చట్టము మీకు పెట్టని బాధ్యతను ఆ నమ్మకము మీమీద పెట్టుచున్నది. ఇక చట్టము పెట్టిన బాధ్యతయు ఒకటి కలదు. రిజిస్ట్రారు ఎదుట, ఎఱుగని మనుష్యుని ఎఱుగుదునని బుద్ధిపూర్వకముగా అసత్యము చెప్పినచో ఏడు సంవత్సరముల వఱకు శిక్ష పడవచ్చును. మొగమాటమునకు చేసిన గుర్తింపు చెఱసాలకు దారి తీయరాదు.

కావున ఎవరైనను బయానా చీటీ తెచ్చి మీ చేతికి కలమిచ్చినప్పుడు ఈ ప్రశ్నలు వేయుడు. అసలు దస్తావేజులు ఎక్కడ? తల్లి యేది? ఆడపడుచులు ఏమనిరి? ఇంటిలో మైనరు లున్నారా? ఈసీ తీసిరా? నేల నిషేధిత జాబితాలో లేదు గదా? కొనువాని వకీలు చదివెనా? సరియైన సమాధానము వచ్చినచో సంతకము చేయుడు. రానిచో, "నాయనా! పది దినములు ఆగుడు. వకీలునకు చూపి రండు. ఇల్లు ఎక్కడికిని పోదు" అని చెప్పుడు. ఆ మాటకు ఆనాడు ఇరుపక్షములవారును నొచ్చుకొనవచ్చును. నొచ్చుకొననిండు. పది దినములలో తేలిపోవు సందేహమును పదేండ్ల వ్యాజ్యముగా పెరుగనీయకుండుటయే పెద్దఱికము.